గోడ తడిగా ఉంది

మార్తమ్మ పులుసులోకని తెచ్చుకున్న ములక్కాడలు పులుసుదాకా వెళ్ళేవి కావు. ఆమె అక్క కూతురు ఎస్తేరు వాటిని బుట్టలోంచి పట్టుకుపోయి, గది తలుపు వేసుకుని, మైకు ముందు ఒక్కొక్కటే విరిచేది. పచ్చి ములక్కాడ పుటుక్కుమంటే వినేవాడికి మెడ ఎముక విరిగినట్టే ఉంటుంది. తడిపిన గోనెసంచిని గచ్చు మీద ఈడిస్తే శవాన్ని ఈడుస్తున్నట్టు ఉంటుంది. వీడియో గేముల్లోని దయ్యాల మేడలకి చప్పుళ్ళు సమకూర్చడం ఎస్తేరు ఉద్యోగం. విశాఖపట్నంలో ఆ పని చేతనైనవాళ్ళు ఎక్కువమంది లేరు. ఉన్నవాళ్ళ ఇళ్ళలో కూరగాయలు మిగలవు.

"దయ్యాలకి పెట్టగా మిగిలిందేదన్నా ఉంటే మనకీ పెట్టవే," అనేది మార్తమ్మ. ఆమెకి కుడికన్ను సరిగ్గా కనిపించదు. వయసులో ఉన్నప్పుడు అందులో సున్నం పడింది. ఉన్న ఒక్క కంటితోనే ఇంట్లో ఏది ఎక్కడినుంచి మాయమైందో ఇట్టే కనిపెట్టేస్తుంది.

ఎస్తేరుని కన్నది సువార్త, పెంచింది మార్తమ్మ. కాన్పులోనే అక్క పోయింది. ఆ దుఃఖంలో ఊరు విడిచిన బావ మళ్ళీ రాలేదు. పసిగుడ్డుని ఒళ్ళో వేసుకున్న మార్తమ్మ తన పెళ్ళి మాట మళ్ళీ ఎవరినీ ఎత్తనివ్వలేదు. సువార్తది ఒకే ఒక్క ఫోటో ఉంది. సరిగ్గా అది తీసిన క్షణానే ఆవిడ రెప్ప వేసింది. కళ్ళు మూసుకున్న తల్లిని చూస్తూ పెరిగిన ఎస్తేరు, కనీసం గొంతయినా తెలిస్తే బాగుండునని చిన్నప్పటినుంచీ తపించేది.

"అమ్మ గొంతు ఎలా ఉండేది పిన్నీ?"

"ఎలా ఉంటది? గొంతులాగే ఉండేది."

"సన్నగా ఉండేదా? మెత్తగానా?"

"ఏం చెప్పనమ్మా. మంచినీళ్ళ రుచి ఎలా ఉంటదని అడిగితే ఏం చెప్తారెవరైనా? రోజూ తాగేదాన్ని, అంతే తెలుసు."

చెప్పేవాళ్ళు లేక ఎస్తేరు తనే ఒక గొంతు తయారు చేసుకుంది. సన్నగా, మెత్తగా, జోల పాడుతున్నట్టు ఉండే గొంతు. తలలో ఎప్పుడూ అదే మోగుతూ ఉండేది. చెవులనే నమ్ముకుని బతికే మనిషి కనక, అది తను కల్పించుకున్నదేనని ఆమెకి బాగా తెలుసు. అందుకే ఆ గొంతు వినిపించిన ప్రతిసారీ ఓదార్పుకి బదులు దిగులు కలిగేది.

*

ఆమె పనిచేసే గేమ్ స్టూడియో యజమాని సుగుణాకర్. జనాన్ని భయపెట్టడమే వ్యాపారంగా పెట్టుకున్నాడు గాని, తను మాత్రం లిఫ్టులో ఒంటరిగా ఎక్కడు. అతను రెండేళ్ళుగా 'పాడుమేడ' అనే గేము తయారు చేయిస్తున్నాడు. ఆడేవాళ్ళు కళ్ళకి హెడ్‌సెట్ తగిలించుకుని పాత మేడలో గది గదికీ తిరగాలి. దయ్యం తరుముతుంది. బయటపడాలి. చూడ్డానికి అంతా బాగానే కుదిరింది. ఆడించి చూద్దామని పిలిచిన కాలేజీ పిల్లలు మాత్రం దయ్యం అరవగానే పకపకా నవ్వారు.

"ఎస్తేరూ, ఈ అరుపులు వాళ్ళు పుట్టినప్పటినుంచీ వింటున్నారు," అన్నాడు సుగుణాకర్ నీరసంగా. "నిజమైనది కావాలి మనకి."

నిజమైనది డాక్టర్ ఫణిభూషణ్ రూపంలో వచ్చింది. ఆయన ఫిజిక్సు ప్రొఫెసరుగా రిటైరైన మనిషి. పాత కట్టడాల్లో సున్నపు గోడలు ఎందుకు బీటలు వారతాయో చూద్దామని మొదలుపెట్టి, అనుకోకుండా ఇంకొకటి కనిపెట్టాడు. ఆ యంత్రానికి 'సున్నపు చెవి' అని ముద్దుగా పేరు పెట్టుకున్నాడు.

మొదటిరోజు ఆయన స్టూడియోకి ఒక ఇటుక తెచ్చి, దానికి వెల్ల వేసి, సుగుణాకర్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. వారం తరవాత యంత్రంతో వచ్చాడు. అది కుట్టుమిషనంత ఉంది. సన్నటి వెలుగు ఇటుక మీద అటూ ఇటూ నడిచింది. వెల్ల పొడిపొడిగా రాలింది. స్పీకర్లోంచి ముందు బుసబుసమని చప్పుడు, దాని వెనకనుంచి సుగుణాకర్ గొంతు వచ్చింది. "టీ ఇంకా రాలేదా?"

అందరూ ఉలిక్కిపడ్డారు. అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడ్డవాడు సుగుణాకర్.

"తడిసున్నం గాలి పీల్చుకుంటూ మళ్ళీ రాయిగా మారుతుంది," అన్నాడు ఫణిభూషణ్. "అలా గట్టిపడేటప్పుడు దగ్గర్లో ఎవరు మాట్లాడితే ఆ కదలిక అందులో ఉండిపోతుంది. చేయి చాపినంత దూరంలో ఉండాలి సుమండీ. అవతల గదిలో అరిచినా దానికి పట్టదు."

"మళ్ళీ ఒకసారి వినిపిస్తారా?" అంది ఎస్తేరు.

ఆయన ఇటుకని ఆమె చేతిలో పెట్టాడు. దాని మీద వెల్ల లేదు. బల్ల మీద చిటికెడు తెల్లపొడి ఉంది.

"యంత్రంలో రికార్డయింది ఉంటుంది గాని, గోడలో ఉండదమ్మా. చదవడమంటే చెరపడమే. సరిగ్గా పట్టుకోలేకపోతే రెండూ ఉండవు."

చివరి మాట ఆయన కొంచెం నెమ్మదిగా అన్నాడు. ఆయన ఇంట్లో వంటగది గోడకి భార్య తన చేతులతోనే వెల్ల వేసిందనీ, ఆమె పోయాక యంత్రాన్ని ఆ గదిలోకి తీసుకువెళ్ళే ధైర్యం ఆయనకి రాలేదనీ ఎస్తేరుకి తరవాత తెలిసింది.

సుగుణాకర్‌కి ఇవేవీ పట్టలేదు. నిజంగా దయ్యాలున్న మేడ ఒకటి దొరికితే, దాని గోడల్లోంచే దయ్యాల మాటలు తీయొచ్చని అతని బుర్ర అప్పటికే పరుగందుకుంది. అలాంటి మేడ ఎక్కడుందని అడిగితే ఎస్తేరే చెప్పింది. గోదావరి పాయ ఒడ్డున చింతలంకలో కలప వ్యాపారుల మేడ ఒకటి ఉందనీ, పెద్దకోడలు మేడమీద గదిలో ఉరి పోసుకుందనీ, మెట్ల దగ్గర ఆడమనిషి గుసగుసలు వినిపిస్తాయనీ పిన్ని చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ చెప్పేది. మార్తమ్మా వాళ్ళ ఊరు దానికి పక్కనే. అక్కచెల్లెళ్ళు ఆ మేడలో పనికి వెళ్ళేవాళ్ళట.

ఆరా తీస్తే మేడ ఇంకా నిలబడే ఉంది. రోడ్డు వెడల్పు చేస్తున్నారని, త్వరలోనే కూలగొడతారట. ఎలాగూ పోయేదే కదా, ఏం చేసుకుంటారో చేసుకోండన్నారు మేడవాళ్ళు.

*

మేడని ముందు కెమేరాలతో అంగుళం అంగుళం కొలిచి కంప్యూటర్లోకి ఎక్కించారు. ఆ తరవాత సున్నపు చెవిని మేడమీద గదిలో, ఉరి పోసుకుందన్న దూలం కింద పెట్టారు.

గోడ ఏమీ మాట్లాడలేదు.

ఒక గోడ అయ్యాక ఇంకో గోడ చదివారు. నాలుగు గోడలూ పొడై రాలాయి, ఏదో గీసుకుంటున్నట్టు చప్పుడు తప్ప ఒక్క మాట వినపడలేదు. అంత బాధ అనుభవించిన గదిలో గోడకి ఏమీ గుర్తు లేకపోవడమేమిటని ఫణిభూషణ్ తల పట్టుకున్నాడు. సుగుణాకర్ విశాఖపట్నం నుంచి ఫోను మీద ఫోను చేసి విసిగించాడు.

సామాను దించుకుంటూ మెట్ల దగ్గర అలుపు తీర్చుకోవడానికి ఆగినప్పుడు, ఇక్కడ కూడా ఒకసారి చూద్దామని ఎస్తేరే అంది. మెట్ల పక్క గోడ మీద వెల్ల మందంగా ఉంది. యంత్రం వెలుగు పైపొర మీద నడవగానే బుసబుస మొదలైంది. ఆ బుసలోంచి ఒక ఆడగొంతు, చాలా దగ్గరగా, గుసగుసగా వచ్చింది.

"ఆనుకోకండి బాబూ... ఆనుకున్నారంటే... మీరు కూడా నాలాగే తెల్లగా అయిపోతారు..."

ఫణిభూషణ్ చేతిలో మంచినీళ్ళ సీసా జారి మెట్ల మీద పడి దొర్లుకుంటూ కిందికి పోయింది. పుట్టి బుద్ధెరిగాక అంత భయపెట్టే మాట ఎస్తేరు తయారు చేయలేదు, ఎవరూ తయారు చేయగా వినలేదు. ఫోనులో ఆ ముక్కని సుగుణాకర్ రెండుసార్లు పెట్టించుకుని విన్నాడు. తరవాత సంతోషంగా, "ఇదే మన దయ్యం," అన్నాడు.

*

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మార్తమ్మ వంటింట్లో చేప కడుగుతోంది. హాల్లో కూర్చున్న ఎస్తేరు, బుసబుస తీసేసి శుభ్రం చేసిన ఆ మాటల రికార్డుని స్పీకరులో పెట్టింది.

"ఆనుకోకండి బాబూ... ఆనుకున్నారంటే..."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. మార్తమ్మ చేతులు తుడుచుకోకుండానే గుమ్మంలోకి వచ్చింది.

"ఎక్కడిదే అది?"

"భయపడకు పిన్నీ. చింతలంక మేడలో మెట్ల గోడలోంచి తీశాం. దయ్యం."

"దయ్యమా?" మార్తమ్మ స్పీకరుకేసి ఒకసారి చూసింది. తరవాత నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఎంతకీ ఆగక గుమ్మాన్ని పట్టుకుని కూలబడింది. "అది నేనేనే పిల్లా. నీ పిన్ని. ఆ మేడలో చిన్నపిల్లోళ్ళు ఊరికే మెట్లెక్కడం దిగడం, తడిగోడకి వీపులానించడం. ఎన్నిసార్లు చెప్పేదాన్నో. నా ఒళ్ళంతా సున్నమే కదా, అందుకే నాలాగే తెల్లగా అయిపోతారన్నాను. నా గొంతు ఇంత బాగుండేదా అప్పట్లో?"

ఎస్తేరు కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది.

"నువ్వు వెల్ల వేశావా ఆ మేడకి?"

"మరి పనికెళ్ళేవోళ్ళమంటే ఏంటనుకున్నావు? మా ఇంటి పనే అది. ఆళ్ళ రెండో అమ్మాయి పెళ్ళికి నేను ఒక్కదాన్నే వేశాను. అదే ఆఖరు. ఆ తరవాత ఆళ్ళు రాజమండ్రి వెళ్ళిపోయారు, మేడకి తాళం పడింది."

"పెద్దకోడలు పోయిన గదికి వెయ్యలేదా?"

"చావు జరిగిన ఏడు ఇంటికి వెల్ల ఎవరేయించుకుంటారమ్మా? పెళ్ళికో పండక్కో వేయిస్తారు గాని. ఆ గది అప్పట్నుంచీ మూసే ఉంచేశారు."

ఎస్తేరు కళ్ళు మూసుకుంది. మూడు రోజులు ఆ గదిలో చావుకేకల కోసం వెతికారు తాము. గోడలకి వినపడేది తడిగా ఉన్నప్పుడే. ఇంట్లో ఏదో శుభం జరగబోతుంటేనే గోడ తడుస్తుంది. దుఃఖం వచ్చిన ఇళ్ళలో గోడలు ఎండిపోయి చెవిటివై ఉంటాయి. ఆ మేడలో ఉన్నవన్నీ పెళ్ళికి ముందు మాటలే. అందులోనూ తడిగోడకి అందరికంటే దగ్గరగా నిలబడేది ఇంటి యజమానులు కాదు, కుంచె పట్టుకున్న మనిషి.

"ఒక్కదాన్నే వేశానన్నావు. అంతకు ముందు?"

మార్తమ్మ నవ్వు నెమ్మదించింది. పైట చెంగుతో కన్ను ఒత్తుకుంది.

"అంతకు ముందు ఏడు ఆళ్ళ పెద్దమ్మాయి పెళ్ళి. అక్కా నేనూ కలిసి వేశాం. అప్పుడు నువ్వు అక్క కడుపులో ఉన్నావు."

*

సోమవారం పొద్దున్నే ఎస్తేరు ఫణిభూషణ్ ఇంటి ముందు నిలబడింది. విషయమంతా విని ఆయన చాలాసేపు వంటగది గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"మీ పిన్నిగారి పొర మీద ఉంది. కిందది మీ అమ్మగారిది. పై పొర మొత్తం తీసేస్తేగాని కిందికి వెళ్ళలేం. రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. తీసేటప్పుడు కింద పొర కూడా రాలిపోవచ్చు. ఆగు, ఏడాది టైమిస్తే యంత్రాన్ని ఇంకా నాజూకు చేస్తాను."

"మేడ ఈ నెలే కూలగొడుతున్నారండి."

"గోడని ముక్కగా కోసి..."

"మొన్న చిన్న పెచ్చు కోసి కారులో తెచ్చాం కదండీ. పిండైపోయింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మాయ్, ఈ యంత్రం నా చేతుల మీదుగా వచ్చినందుకు గర్వమూ ఉంది, భయమూ ఉంది. మా ఆవిడ ఆ గోడలో ఉందని తెలుసు నాకు. చదివితే దొరకొచ్చు. దొరక్కపోతే ఇక లేదు. ఉందని తెలియడమే చాలని ఆగిపోయాను. నువ్వు కూడా ఆలోచించుకో."

"మీరు ఆవిడ మాటలు ముప్ఫై ఏళ్ళు విన్నారు కదండీ," అంది ఎస్తేరు. "నేను ఒక్కటి కూడా వినలేదు."

ఆయన లోపలికి వెళ్ళి చెప్పులు వేసుకుని వచ్చాడు.

సుగుణాకర్ ఒప్పుకున్నాడు గాని ఒక షరతు పెట్టాడు. గోడలోంచి ఏది వచ్చినా గేములోకి వెళ్ళాలి, కంపెనీ యంత్రాన్ని అద్దెకి తెచ్చింది అందుకే కదా అన్నాడు. ఎస్తేరు సరేనంది. ఆ క్షణాన ఇంకేమి అడిగినా సరేననేది.

ఇక మిగిలింది పిన్ని. "నీ పొర మొత్తం పోతుంది పిన్నీ. అందులో నీ మాటలు ఇంకా ఎన్నో ఉండొచ్చు."

"పోతే పోయాయి. నేనింకా మాట్లాడతన్నాను కదే," అంది మార్తమ్మ. "ఎల్లు, ఆలస్యం చెయ్యకు."

*

మర్నాడు మేడలో ఎస్తేరూ ఫణిభూషణూ తప్ప ఎవరూ లేరు. బయట రోడ్డు కోసం చెట్లు కొట్టేస్తున్నారు. ఆయన వెలుగు వేడిని సగానికి సగం తగ్గించి, పై పొరని చాలా నెమ్మదిగా విప్పాడు. మార్తమ్మ పడుచుగొంతు తునకలు తునకలుగా వినిపించి పొడైపోయింది. మళ్ళీ పిల్లల్ని అదిలించడం, సున్నంలో నీలిమందు ఎక్కువైందని సణగడం, ఎవరితోనో నవ్వడం. ఉన్నట్టుండి ఒక చోట ఆ గొంతు ఏడ్చింది. ఎందుకేడ్చిందో ఎస్తేరుకి తెలుసు. అక్కతో కలిసి వేసిన గోడకి ఒంటరిగా వేస్తోంది కదా.

తరవాత కింద పొర కనిపించింది. కొంచెం నీలంగా ఉంది.

వెలుగు దాని మీద పడగానే ఒక పెచ్చు ఊడి కింద పడింది. ఫణిభూషణ్ చేయి ఆగింది. ఇంకో పెచ్చు ఊడింది. బుసబుస తప్ప ఏమీ లేదు. గోడ సగం అయిపోయింది. ఏమీ లేదు. ఆమె మెట్ల మీద కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుంది. ప్రభువా, ఇంక ఇంతేనేమో అనుకుంది.

"ఏమే మార్తా, నిచ్చెన పట్టుకోమంటే దిక్కులు చూత్తావేంటి?"

ఎస్తేరు తల ఎత్తింది.

ఆ గొంతు సన్నగా లేదు, మెత్తగా లేదు. బొంగురుగా ఉంది. సంతలో నాలుగు దుకాణాల అవతలికి వినిపించేలా, గద్దిస్తున్నట్టు ఉంది. ఇన్నేళ్ళూ తలలో మోగిన జోలగొంతుకీ దీనికీ ఎక్కడా పోలిక లేదు. ఎస్తేరుకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. తను కోపంలో ఫోనులో అరిచేటప్పుడు సరిగ్గా ఇలాగే ఉంటుంది.

"పట్టుకున్నానులే అక్కా," అంది గోడలో మార్తమ్మ.

కాసేపు కుంచె చప్పుడు వచ్చింది. తరవాత అదే బొంగురు గొంతు, ఈసారి ఎంతో నెమ్మదిగా, ఇంకెవరికో చెబుతున్నట్టు వచ్చింది.

"తన్నకే తల్లీ. నిచ్చెన కదులుతుంది. ఈ మూల ఒకటి అయిపోనీ, ఇద్దరం గంజి తాగుదాం. నీకు ఉప్పెక్కువ కావాలి, తెలుసులే."

ఫణిభూషణ్ వినకూడనిదేదో విన్నట్టు మొహం అటు తిప్పుకున్నాడు. ఆయన చేతులు మాత్రం యంత్రం మీదనుంచి కదలలేదు.

చివరి పొడి రాలేముందు ఇంకో మాట వచ్చింది. "ఈ గోడ అయింది. స్తోత్రం. దిగుతున్నానే మార్తా, గట్టిగా పట్టుకో."

అంతే. అక్కడితో గోడ అయిపోయింది. వెనక ఎర్రటి ఇటుకలు కనిపించాయి. ఎస్తేరు వాటికి చెయ్యి ఆనించి నిలబడింది. ఇప్పుడు ఆనుకోవద్దనేవాళ్ళు లేరు. దొరికింది మూడు నాలుగు మాటలే అయినా, ముప్ఫై ఏళ్ళు దాచి, సరిగ్గా తను వచ్చేదాకా ఆగిన గోడకి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టింది కూడా.

*

చిత్రంగా మార్తమ్మ ఆ మాటలు ఫోనులో వినననేసింది.

"అక్క మాట అక్కడే ఇంటాను. ఆ మెట్ల దగ్గరే. ఎక్కడుండి మాట్లాడిందో అక్కడుండి ఇనాలి గాని, సోఫాలో కూర్చుని ఇనే మాటా అది?"

మోకాళ్ళ నొప్పులు కొంచెం తగ్గాక తీసుకువెడదామనుకునేలోగా చింతలంక మేడ నేలమట్టమైపోయింది. మెట్లు లేవు, గోడ లేదు. ఇప్పుడా మేడ నిలబడి ఉన్నది ఒక్క చోటే, సుగుణాకర్ కంప్యూటర్లో.

అక్కడ సుగుణాకర్ తన పనిలో తానున్నాడు. మార్తమ్మ మాటని సాగదీసి, కింది స్థాయికి దించి, దయ్యం నోట్లో పెట్టేశాడు. వింటుంటే ఎస్తేరుకే ఒళ్ళు జలదరించింది. సువార్త మాటలు కూడా ఇమ్మన్నాడు.

"ఇస్తానండి, మాటిచ్చాను కదా. దానికి ముందు మా పిన్నిని ఒక్కసారి ఆ మేడలోకి వెళ్ళనివ్వండి. దయ్యాన్ని తీసేసి, మెట్ల దగ్గర గోడలోంచి వచ్చినవి ఉన్నవి ఉన్నట్టు పెడతాను."

సుగుణాకర్ గడియారం చూసుకుని సరేనన్నాడు.

మార్తమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, చర్చికి వచ్చినట్టు స్టూడియోకి వచ్చింది. ఎస్తేరు ఆమె కళ్ళకి హెడ్‌సెట్ తగిలించింది. గోడ మీది పెద్ద తెరలో ఆమె చూసేదంతా మిగతావాళ్ళకి కనిపిస్తోంది. చీకటి సావిడి, సాలెగూళ్ళు, కొవ్వొత్తి.

"ఏంటే ఇంత దుమ్ము పట్టించేశారు," అంది మార్తమ్మ. "పెద్దమ్మగారు చూస్తే ఊరుకోరు."

ఎక్కడా తడుముకోకుండా సావిడి దాటి మెట్ల దగ్గరికి నడిచింది. అక్కడ గోడ ఆమె గొంతుతోనే, "ఆనుకోకండి బాబూ," అంది.

"ఆనుకోవట్లేదులే," అంది మార్తమ్మ.

స్టూడియోలో ఎవరో నవ్వారు. అంతలోనే గోడలోంచి బొంగురు గొంతు వచ్చింది.

"ఏమే మార్తా, నిచ్చెన పట్టుకోమంటే దిక్కులు చూత్తావేంటి?"

మార్తమ్మ రెండు చేతులూ ముందుకు చాచింది. గాల్లో లేని నిచ్చెనని రెండు పక్కలా గట్టిగా పట్టుకుంది. కాళ్ళు కొంచెం ఎడం చేసి, ఒళ్ళు బిగించి నిలబడింది. "పట్టుకున్నానులే అక్కా," అంది. గోడలోని పడుచుగొంతూ సరిగ్గా ఆ మాటే అప్పుడే అంది.

సువార్త గంజి మాట చెప్పింది. ఉప్పు మాట చెప్పింది. మార్తమ్మ చెంపల మీదుగా హెడ్‌సెట్ కిందనుంచి నీళ్ళు జారుతున్నాయి. తుడుచుకోవడానికి కూడా ఆమె చేతులు వదల్లేదు. గోడ అయింది, స్తోత్రం, దిగుతున్నాను, గట్టిగా పట్టుకో అంది సువార్త. తరవాత ఏ చప్పుడూ లేదు. మార్తమ్మ అలాగే నిలబడి ఉంది.

"ఎస్తేరూ," అని పిలిచింది. "మీ అమ్మ దిగిందా?"

ఎస్తేరు వెళ్ళి ఆ రెండు చేతుల మీదా తన చేతులు వేసింది. "దిగింది పిన్నీ. పడకుండా దిగింది. ఇంక వదిలెయ్."

మార్తమ్మ నెమ్మదిగా వేళ్ళు విప్పింది.

సుగుణాకర్ కుర్చీలోంచి లేచాడు. తెర మీద ఖాళీగా ఉన్న మెట్లకేసి చూస్తూ, "మనం ఇన్నాళ్ళూ జనాన్ని అక్కణ్ణుంచి పారిపొమ్మంటున్నాం," అన్నాడు. "వెల్ల వేసే ఆవిడకి నిచ్చెన పట్టుకోవాలి కదా ఎవరైనా."

*

'పాడుమేడ' ఆ ఏడే విడుదలైంది. ఆ మేడలో ఇప్పటికీ చీకటి ఉంది, కిర్రుమనే తలుపులున్నాయి, ఎస్తేరు విరిచిన ములక్కాడలున్నాయి. ఎవరో ఆడమనిషి గోడల్లోంచి ఆనుకోవద్దని గుసగుసలాడితే ఆడేవాళ్ళకి గుండె జారుతుంది. వాళ్ళు పరుగెత్తుతారు. ఎటు పరుగెత్తినా మెట్ల దగ్గరికే వస్తారు. అక్కడ ఒక నిచ్చెన, దాని మీద నిండు చూలాలు, ఆమె చేతిలో సున్నపు కుంచె కనిపిస్తాయి. ఆ నిచ్చెన పట్టుకుంటే తప్ప మేడ తలుపు తెరుచుకోదు. ఆమె కుంచె ఆడించినంత మేరా గోడ తెల్లబడి, మేడంతా పెళ్ళింటిలా వెలుగుతుంది. సువార్త మాటల్ని మాత్రం ఎవరూ సాగదీయలేదు, దించలేదు. చివర్లో పనిచేసినవాళ్ళ పేర్లు వచ్చేచోట అన్నిటికంటే ముందు 'వెల్ల: సువార్త, మార్తమ్మ' అని వేయించాడు సుగుణాకర్. ఫణిభూషణ్ తన పేరు పక్కన ఏ బిరుదూ వద్దన్నాడు. ఆయన వంటగది గోడని ఈనాటికీ ఎవరూ చదవలేదు.

విడుదలైన రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక ఎస్తేరు హెడ్‌సెట్ తగిలించుకుంది. అప్పటిదాకా ఆ మేడని పనిచేసే మనిషిలాగే చూసింది తప్ప ఆడేమనిషిలాగా లోపలికి వెళ్ళలేదు. తిన్నగా మెట్ల దగ్గరికి నడిచి, నిచ్చెన పట్టుకుంది.

"తన్నకే తల్లీ. నిచ్చెన కదులుతుంది," అంది పైనుంచి సువార్త.

ఎస్తేరు ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తూ కదలకుండా నిలబడింది. మూల అయ్యేదాకా, కుంచె ఆగేదాకా అలాగే నిలబడింది.

"ఈ గోడ అయింది. స్తోత్రం."

"స్తోత్రం అమ్మా," అంది ఎస్తేరు.